పలనాటి రేవు ఒడ్డున ఒక నడక

పలనాడు అనగానే ఎవరికైనా ముందు కారంపూడి గుర్తుకొస్తుంది. నాగులేరు, కోడిపందెం, బ్రహ్మనాయుడి చాపకూడు, నాయకురాలు నాగమ్మ ఎత్తులు, మాచర్ల చెన్నకేశవుడు వరసగా కళ్ల ముందు నిలుస్తాయి. ఆ తరవాత మిరపకాయలు, పత్తి, పిడుగురాళ్ల సున్నం. ఈ జాబితాలో ఓడరేవు మాత్రం ఎక్కడా ఉండదు. సముద్రమే లేని జిల్లాకు రేవేమిటని ఎవరైనా అడుగుతారు. అయినా రెండు వేల ఏళ్ల కిందట పడవలు సరుకు దించిన రేవు ఒకటి ఈ జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున ఉండేది. 1960ల తొలినాళ్లలో భారత పురావస్తు శాఖ దాన్ని తవ్వి చూసింది. ఆ చోటు పేరు ధరణికోట. దాన్ని ఆనుకుని ఉన్న ఊరు అమరావతి.

ఏ అమరావతి అన్నది ముందే తేల్చుకోవాలి. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన రాజధాని అమరావతి ఇక్కడికి దిగువన, గుంటూరు జిల్లాలో ఉంది. ఆ రాజధానికి పేరిచ్చిన పాత ఊరు ఇది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ మండలం పల్నాడు జిల్లాలోకి వచ్చింది. గురజాల, మాచర్ల వాళ్లకు పలనాడంటే ఇప్పటికీ తమ సీమే గాని, కాగితాల ప్రకారం ఈ ఊరి అమరేశ్వరుడు కూడా ఇప్పుడు పలనాటి దేవుడే. జిల్లా కేంద్రం నరసరావుపేట నుంచి సత్తెనపల్లి మీదుగా రావచ్చు. గుంటూరు నుంచి అయితే ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. బస్సు దిగాక మళ్లీ బండి ఎక్కాల్సిన పని లేదు. గుడి, ఘాట్లు, ధ్యానబుద్ధుడు, మహాచైత్యం, ధరణికోట అన్నీ కాలినడకన ఒక పూటలో అందే దూరంలోనే ఉన్నాయి.

నడక గుడి దగ్గర మొదలుపెట్టడం మంచిది. అమరేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. ద్రాక్షారామం, సామర్లకోట కుమారారామం, పాలకొల్లు క్షీరారామం, భీమవరం గునుపూడిలోని సోమారామం మిగతా నాలుగు. క్రౌంచశైలమని పిలిచే చిన్న గుట్ట మీద, సరిగ్గా నది అంచున ఈ గుడి నిలబడింది. లోపలి తెల్లని లింగం ఎంత పొడవంటే, అర్చకులు పై అంతస్తు నుంచి అభిషేకం చేస్తారు. లింగం పెరిగిపోతుంటే ఆపడానికి పైన మేకు కొట్టారని స్థలపురాణం. గుళ్లో 1182 నాటి శాసనం ఒకటి ఉంది. అది ధరణికోటను ఏలిన కోట వంశపు రాజు కేతరాజుది. శివుడి గుళ్లో ఉన్న ఆ శాసనం ఇదే ఊళ్లోని బుద్ధుడి ముందు అఖండదీపాలు వెలిగించడానికి ఇచ్చిన దానాల గురించి చెబుతుంది. పన్నెండో శతాబ్దం నాటికి కూడా ఒకే ఒడ్డు మీద ఇద్దరు దేవుళ్లకూ దీపాలు వెలిగేవి.

గుడి మెట్లు దిగితే ఘాట్. ఈ ఒడ్డు ఇప్పుడున్న రూపానికి రావడం వెనక 2015, 2016 సంవత్సరాలున్నాయి. 2015 జనవరిలో కేంద్రం వారసత్వ నగరాల కోసం మొదలుపెట్టిన హృదయ్ పథకంలో దేశం మొత్తం మీద 12 ఊళ్లకే చోటు దక్కింది. వారణాసి, అమృత్‌సర్, మథుర, పూరీల సరసన అమరావతి నిలిచింది. తెలుగు నేల నుంచి దానికి తోడు వరంగల్ ఒక్కటే. 2015-16లోనే యాత్రాస్థలాల ప్రసాద్ పథకం కింద ఈ ఊరికి 27.77 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. వీటికి తోడు 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు వచ్చాయి. పుష్కరాలొస్తే నది ఒడ్డుకు పండగే. రేవులకు సిమెంటు మెట్లు, రెయిలింగులు, దీపస్తంభాలు, బట్టలు మార్చుకునే గదులు అప్పుడే లేస్తాయి. ఇక్కడా అదే జరిగింది. అమరేశ్వర ఘాట్, ధ్యానబుద్ధ ఘాట్ అన్న పేర్లు ఇప్పుడు జనం నోళ్లలో స్థిరపడ్డాయి.

తెల్లవారుజామున మెట్ల మీద కూర్చుంటే రేవు తీరు తెలుస్తుంది. నీళ్లకు దగ్గరగా ఉన్న రెండు మూడు మెట్లు పాచి పట్టి ఆకుపచ్చగా ఉంటాయి. వాటి మీద కాలు పెట్టే ముందు పెద్దవాళ్లు పక్కవాళ్ల భుజం పట్టుకుంటారు. పసుపు ముద్దలు, నానిన బియ్యం గింజలు, ఊడిన పూలదండల దారాలు మెట్ల సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. బియ్యం గింజ నీళ్లలో పడగానే వేలెడంత చేపపిల్లలు గుంపుగా వచ్చి లాక్కుపోతాయి. కార్తీకంలో ఈ మెట్ల మీద కాలు పెట్టే సందు ఉండదు. అరటి దొప్పల్లో దీపాలు పెట్టుకుని, "అమ్మా, దీపం తీసుకోండమ్మా" అంటూ పిల్లలు వెంటపడతారు. ఒడ్డు నుంచి వదిలిన దొప్పలు కొంతదూరం నేరుగా పోయి, ప్రవాహం తగలగానే ఒక్కసారిగా దిగువకు తిరుగుతాయి. అవతలి గట్టు ఎన్టీఆర్ జిల్లా.

ఇదే నది కోపం వచ్చినప్పుడు మెట్లన్నీ మింగేస్తుంది. 2009 అక్టోబరు వరదలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.10 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ లెక్క కూడా చెరిగిపోయి 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. పులిచింతల దాటాక ఆ నీరంతా అమరావతి ముందు నుంచే పోవాలి. కృష్ణ ఒడ్డున ఏం కట్టినా వరద లెక్క చూసుకుని కట్టాలని ఈ ఊరి వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' వందింటిలో మొదటి కథ పేరే 'వరద'. ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన ఆ కథలు ఈ రేవును, ఈ గుడిని, ఈ వీధుల్ని ఇంటింటికీ తీసుకెళ్లాయి. తరవాత శ్యాం బెనెగల్ వాటిని దూరదర్శన్ కోసం హిందీలో ధారావాహికగా తీశారు. ఆ పుస్తకం చదివి వచ్చినవాళ్లు ఘాట్ మీద సిమెంటు చూసి కాస్త నొచ్చుకోవడం మామూలే.

ప్రపంచంలో చాలాచోట్ల పాత రేవులు ఇలాగే రూపు మార్చుకున్నాయి. ఓడలు పెద్దవయ్యాయి, సరుకు కంటెయినర్లలోకి మారింది, నగరం నడిబొడ్డున ఉన్న రేవులు ఖాళీ పడ్డాయి. లండన్ డాక్‌లాండ్స్ అలా మారిందే. సిడ్నీలో కంటెయినర్లు దించిన బారంగారూ తీరాన్ని రాళ్లు పేర్చి, చెట్లు నాటి 2015 ఆగస్టులో పార్కుగా జనానికి తెరిచారు. మన దగ్గర అహ్మదాబాద్ సబర్మతి ఒడ్డును 2012లో నడకదారిగా మార్చారు. బారంగారూలో నడిచేవాళ్లకు ఒకప్పుడు అక్కడ ఏ పని జరిగేదో తెలుస్తుంది. ఆ తీరం కథలో రేవుకూ, అంతకు ముందు అక్కడ చేపలు పట్టుకు బతికిన ఆదివాసులకూ చోటు ఉంది. ఆ నేల పేరే ఒక ఆదివాసీ స్త్రీ పేరు. అమరావతి ఒడ్డును బాగుచేసిన చేతులు గుడికి, స్నానానికి, బుద్ధుడికి చోటిచ్చాయి. వర్తకానికి మాత్రం ఇవ్వలేదు. ఈ ఊరు పుట్టిందీ, పెరిగిందీ వర్తకం మీద.

ఘాట్ దాటి ధ్యానబుద్ధుడి వైపు నడిస్తే చాలా దూరం నుంచే తల కనిపిస్తుంది. 125 అడుగుల విగ్రహం, ధ్యానముద్రలో నదిని ఆనుకుని కూర్చుంది. 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర మహాసభ నిర్వహించారు. టిబెటన్లకు ఈ ఊరు ధాన్యకటకం. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని మొదట బోధించింది ఇక్కడేనని వాళ్ల నమ్మకం. ల్హాసా పక్కన 1416లో స్థాపించిన డ్రెపుంగ్ మఠానికి ఈ స్థలం పేరే పెట్టుకున్నారు. ఆ జనవరిలో వేలాది మంది భిక్షువులు, ఉపాసకులు ఎర్రటి వస్త్రాల్లో ఈ వీధుల్లో తిరిగారు. బయటి ప్రపంచం అమరావతిని మళ్లీ గుర్తుపట్టింది అప్పుడే. ఇప్పుడు సాయంత్రాలు విగ్రహం చుట్టూ ఉన్న పచ్చిక మీద పిల్లలు ఆడుకుంటారు, పెళ్లి ఫొటోల వాళ్లు కెమెరాలు పట్టుకు తిరుగుతారు.

అక్కడి నుంచి మహాచైత్యానికి వెళ్లినవాళ్లలో చాలామంది మొదట నిరుత్సాహపడతారు. సుమారు 50 మీటర్ల వ్యాసంతో దక్షిణ దేశంలోనే గొప్పదనిపించుకున్న స్తూపం ఇప్పుడు గుండ్రటి ఇటుక, మట్టి దిమ్మె మాత్రమే. చుట్టూ కొన్ని రాతి స్తంభాలు, పచ్చగడ్డి. స్తూపం ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు జవాబు ఊరంతా పరుచుకుని ఉంది.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చాడు. గుడిని బాగుచేయించాడు, ఊరు కట్టించాడు, వ్యాపారులను రప్పించాడు. ఇళ్లకూ కట్టడాలకూ రాయి కావాల్సి వచ్చి, దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బను తవ్వించాడు. బొమ్మలు చెక్కిన పలకలు బయటపడ్డాయి. 1797లో ఆ సంగతి విని, తరవాతి కాలంలో కల్నల్ అయిన కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన దగ్గర పనిచేసిన తెలుగు పండితులు. 1816లో మెకంజీ మళ్లీ వచ్చేసరికి చాలా పలకలు మాయమయ్యాయి. వాటిలో కొన్ని శివగంగ చెరువు మెట్లకు పనికొచ్చాయి, కొన్ని కొత్త కట్టడాల్లో కలిసిపోయాయి. మెకంజీ మనుషులు దొరికినవాటికి బొమ్మలు గీశారు. ఆ చిత్రాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి పలకల్ని మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. 1877లో రాబర్ట్ స్యూయెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆదేశంతో దిబ్బ మధ్యభాగాన్ని మొత్తం ఖాళీ చేశారు. తరవాత జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి మిగిలింది గొయ్యి. ఈ రోజు అమరావతి శిల్పాలను చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం తిరగాలి. మదించిన నాలగిరి ఏనుగు ఒకవైపు జనాన్ని తొక్కుతూ, అదే వలయంలో మరోవైపు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లే పలక ఎగ్మూరులో ఉంది. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్ల భయం దాకా శిల్పి ఆ రాతిలోకి తెచ్చాడు.

ఆ రాయి పలనాటిదే. లేత ఆకుపచ్చ, బూడిద రంగులు కలిసిన ఈ సున్నపురాతిని శిల్పచరిత్ర పుస్తకాలు పలనాడు సున్నపురాయి అనే పిలుస్తాయి. మాచర్ల బండలు, పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు అన్నీ అదే సీమ సున్నపురాతి మీద బతుకుతున్నాయి. కోస్తా ఇళ్ల వాకిళ్లలో పరిచే బండలకూ బ్రిటిష్ మ్యూజియంలో గాజు వెనక నిలబెట్టిన పలకలకూ పుట్టిల్లు ఒకటే. అంత బరువైన రాతిని ఎగువ నుంచి ఇక్కడికి తేవడానికి ఆ రోజుల్లో నదిని మించిన దారి లేదు.

స్తూపం పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం. ఆవరణలో స్తూపం నమూనా కట్టారు. దిబ్బ చూసి వచ్చినవాళ్లు దీని ముందు ఆగితే అసలు రూపం అర్థమవుతుంది. చుట్టూ రాతి కంచె, నాలుగు దిక్కులా ముందుకు చొచ్చుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలు. లోపలి పలకల ముందు ఎక్కువసేపు నిలబడాల్సింది పూర్ణఘటం దగ్గర. గుండ్రటి కుండ, మెడకు దండ, మూతి నుంచి పొంగి రెండు పక్కలకూ వంగే తామరలు, మొగ్గలు. ఒక్కో రేకు అంచు వేలితో తడిమితే తెగేంత పదునుగా ఉంటుంది. ఈ పూర్ణఘటాన్ని ఆంధ్రప్రదేశ్ వాసులందరూ చూసే ఉంటారు. 2018లో రాష్ట్ర ప్రభుత్వం అధికారిక చిహ్నాన్ని అమరావతి శిల్పాన్ని అనుసరించి ఖరారు చేసినప్పుడు మధ్యలో నిలిపింది దీన్నే. రేషన్ కార్డు నుంచి జీవో దాకా ప్రతి సర్కారు కాగితం మీదా ఉండేది ఇదే.

పూర్ణఘటం పలక ఒకదాన్ని ఈ స్తూపానికి కానుకగా ఇచ్చిన మనిషి పేరు కూడా రాతి మీద మిగిలింది. అతను విధికుడు, ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు. వృత్తి తోలుపని. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులతో కలిసి ఇచ్చానని ఆ ప్రాకృత శాసనం చెబుతుంది. అమరావతి శాసనాల్లో రాజులు తక్కువ. గృహపతులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాల వ్యాపారి, భిక్షుణులు, ఇల్లాళ్లు ఎక్కువ. ఒక తోలుపనివాడు రాతి పలక చెక్కించగలిగాడంటే ఊళ్లో డబ్బు ఆడుతుండాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఇంకా పడమటికి నడవాలి.

ధరణికోట అమరావతికి పడమటి పొరుగు. శాతవాహనుల నాటి ధాన్యకటకం ఇదే. కోటగోడ ఇప్పుడు మట్టికట్ట. దాని చుట్టూ ఇళ్లు, పొలాలు. ఇక్కడ తవ్వినప్పుడు నది నుంచి లోపలికి తీసిన కాలువ ఒకటి బయటపడింది. దాని ఒడ్డున మొదట కొయ్యదుంగలతో కట్టిన రేవు, తరవాతి కాలంలో దాని స్థానంలో ఇటుకలతో కట్టిన రేవు. అంటే నది ఉధృతికి పడవలు కొట్టుకుపోకుండా వాటిని కాలువలోకి మళ్లించి, నిలకడ నీటిలో సరుకు దించుకునే ఏర్పాటు. కొయ్య చివికిపోతే ఇటుకతో మళ్లీ కట్టుకున్నారంటే ఇది ఒక తరం ముచ్చటగా పోలేదని అర్థం.

దొరికిన కుండపెంకులు కూడా రేవు సంగతులే చెబుతాయి. లోపలి అడుగున పళ్లచక్రం తిప్పినట్టు సన్నటి చుక్కల వరసలున్న నల్లటి పళ్లేల ముక్కలు వాటిలో ఉన్నాయి. ఇలాంటివే పుదుచ్చేరి దగ్గర అరికమేడులో, శ్రీలంకలో, బాలి దీవిలో దొరికాయి. కృష్ణ మీద ఇక్కడి నుంచి సముద్రం వంద కిలోమీటర్లకు పైనే. అయినా ధాన్యకటకానికి అది పెరటిదారే. దివిసీమ దగ్గర ఘంటసాలలో మహానావికుడు శివకుడి శాసనం దొరికింది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. గ్రీకు నావికుల మార్గదర్శి పెరిప్లస్ మసాలియా పేరుతో ఈ తీరపు సన్నని బట్టల్ని పొగిడింది. ఆ వర్తకపు వలకు లోపలి కొస ఈ మట్టికట్ట పక్కన ఉండేది.

రేవు ఒక్కరోజులో మూతపడలేదు. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ వచ్చేసరికి ఇక్కడి విహారాలు చాలావరకు పాడుపడ్డాయి. కానీ సముద్రం అవతలి వాళ్లు ఈ ఊరిని వెంటనే మరచిపోలేదు. శ్రీలంకలోని గడలాదెణియ గుళ్లో 1344 నాటి శాసనం ఉంది. ధర్మకీర్తి అనే సింహళ స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల మందిరాన్ని బాగుచేయించాడని అది చెబుతుంది. ఆ తరవాత నాలుగు వందల యాభై ఏళ్లు ఈ దిబ్బ దీపాలదిన్నెగానే మిగిలింది.

నది మీద రాకపోకల ఆలోచన మాత్రం చావలేదు. 2008లో కేంద్రం ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో కృష్ణ మీద వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల భాగం ఉంది. అది సరిగ్గా ఈ ఘాట్ల ముందు నుంచే పోతుంది.

వెళ్లాలనుకునేవారికి రెండు మాటలు. శుక్రవారం పురావస్తు శాఖ మ్యూజియం సెలవు, ఆ రోజు వెళితే సగం కథ తప్పిపోతుంది. ఎండాకాలంలో పలనాటి ఎండ మధ్యాహ్నం మనిషిని నిలబడనివ్వదు. కార్తీకం నుంచి మాఘం దాకా నడకకు మంచి కాలం. తెల్లవారే గుడి, ఘాట్ చూసుకుని, మ్యూజియం తెరిచే వేళకు స్తూపం దగ్గరికి, పొద్దు వాలకముందే ధరణికోటకు చేరుకునేలా చూసుకోవాలి. చాలామంది ధ్యానబుద్ధుడి దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. అలా తిరిగితే ఈ ఊరు ఎందుకు పుట్టిందో చూడకుండానే వెళ్లిపోయినట్టు.

కృష్ణకు మళ్లీ పుష్కరాలు 2028లో. మెట్లకు, రంగులకు, దీపాలకు అప్పుడు మళ్లీ నిధులొస్తాయి, కాంట్రాక్టులొస్తాయి. ఆ డబ్బులో కొంత పెట్టి ఘాట్ల మీది నడకదారిని ధరణికోట కట్ట దాకా పొడిగించాలి. పాత కాలువ ఎటు పోయేదో నేల మీద గీత గీసి చూపాలి. కొయ్య రేవు, ఇటుక రేవు, విధికుడి పేరు తెలుగులో రాసిన పలకలు నిలబెట్టాలి. పెద్ద విగ్రహానికయ్యే ఖర్చులో ఇది ఎంతో కాదు. జిల్లా అధికారులూ పురావస్తు శాఖా ఇప్పుడే కూర్చుని మాట్లాడుకుంటే పుష్కరాల నాటికి పూర్తయ్యే పనే.